కిబ్లా తూర్పున ఉన్న దీవి

అల్లాహ్ భూమి విశాలమైనదని ముప్పై ఏళ్ళుగా మదరసాలో పిల్లలకు చెబుతూ వచ్చాము. 2015 అక్టోబరులో కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ దీవికి చేరిన రోజున ఆ మాటను మాకు ఒక ఎనిమిదేళ్ళ పాప తిరిగి నేర్పింది.

విమానాలు మారి మారి, రెండు పగళ్ళూ రెండు రాత్రుళ్ళూ ఏవో తెలియని స్థితిలో మేమూ మా శ్రీమతీ అక్కడ దిగాము. మమ్మల్ని పిలిపించిన మస్జిద్ కమిటీ పెద్దలు ఒక ఇంటి పై అంతస్తులో మాకు బస ఏర్పాటు చేశారు. అప్పటికి అస్ర్ వేళయింది. వుజూ చేసుకొని, కిటికీలోంచి పొద్దు ఏ వైపు వాలుతున్నదో చూసి, ఆ వైపే ముసల్లా పరిచాము. తెనాలిలో పుట్టి పెరిగినవాళ్ళం. యాభై ఏళ్ళుగా పొద్దు గ్రుంకే వైపే మా కిబ్లా. తక్బీర్ చెప్పబోతుండగా మంచినీళ్ళు తెచ్చిన ఆ ఇంటి పాప గుమ్మంలో ఆగిపోయింది. "మౌలానా, మక్కా అటు కాదు, ఇటు" అని ఎదుటి గోడను చూపింది.

ఈ దీవి మక్కాకు పడమట ఉన్నదని, ఇక్కడ కిబ్లా తూర్పు, ఈశాన్యాల నడుమ పడుతుందని మాకు తెలియక కాదు. బయలుదేరే ముందు పటం దగ్గర పెట్టుకొని లెక్క చూసుకున్నాము కూడా. తలకు తెలిసిన సంగతి పాదాలకు ఇంకా చేరలేదు, అంతే. ముసల్లా తిప్పుకొని నమాజ్ చేశాము. చదువు చెప్పడానికి వచ్చిన మాకు మొదటి పాఠం ఆ విధంగా జరిగింది.

పాఠకులకు ఆ దీవిని కొంత పరిచయం చేయడం అవసరం. దక్షిణ అమెరికాలోని వెనిజులా తీరానికి అతి సమీపంలో, కరీబియన్ దీవుల వరుసకు దక్షిణపు కొసన ట్రినిడాడ్ ఉన్నది. పక్కనున్న టొబాగోతో కలిసి 1962 ఆగస్టు 31న బ్రిటిషు పాలన నుంచి స్వతంత్రమైంది. రెండు దీవుల జనాభా సుమారు 13 లక్షలు. అందులో ముస్లింలు నూటికి ఐదుగురు. ఆఫ్రికా సంతతివారు, భారత సంతతివారు దాదాపు సమానంగా ఉంటారు. చర్చి, మందిరం, మస్జిద్ ఒకే వీధిలో కనిపించడం అక్కడ వింత కాదు.

అక్కడి ముస్లింల చరిత్ర మనవాళ్ళ ఓడలతో మొదలు కాలేదు. అంతకు ముందే పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మండింగో జాతివారిలో ముస్లింలు ఉన్నారు. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జోనాస్ ముహమ్మద్ బాత్ అనే పెద్ద వారికి నాయకుడు. వాళ్ళు డబ్బు కూడబెట్టుకొని తోటి ముస్లింలను బానిసత్వం నుంచి విడిపించుకునేవారు. తమను స్వదేశానికి చేర్చవలసిందిగా 1830లలో బ్రిటిషు ప్రభుత్వానికి విన్నపాలు కూడా పంపుకున్నారు. ఆ విన్నపాలు ఫలించలేదు.

బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1845 మే 30న కలకత్తా నుంచి రెండు వందల పైచిలుకు మందితో మొదటి ఓడ ఆ తీరాన్ని చేరింది. ఒక ముస్లిం వర్తకునిదైన ఆ ఓడ పేరును అక్కడివారు 'ఫాటెల్ రజాక్' అంటారు. అసలు పేరు ఫతహ్ అర్రజ్జాక్. ఉపాధినిచ్చే ప్రభువు ప్రసాదించిన విజయమని అర్థం. ఉపాధి వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు ఓడ పేరులోనే దువా దొరికింది. 1917 దాకా సుమారు 1,44,000 మంది ఆ విధంగా ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. అత్యధికులు ఉత్తర భారతం వారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన కొద్దిమందిని అక్కడ 'మద్రాసీలు' అనేవారు. మే 30 ఇప్పుడు ఆ దేశంలో సెలవు దినం.

మా బస దీవి నడిమి భాగంలో, ఒకప్పటి చెరకు తోటల ప్రాంతంలో. ఇళ్ళు చాలావరకు స్తంభాల మీద కట్టినవి. క్రింద ఖాళీ జాగాలో ఒక ఊయల, నాలుగు కుర్చీలు, బట్టలారేసే తాళ్ళు. జూన్ నుంచి డిసెంబరు దాకా వానలు. ఉక్కపోత మన కోస్తా జిల్లాలను గుర్తుకు తెచ్చేది గాని, మన రోహిణి ఎండలు అక్కడ లేవు. ఊళ్ళ మధ్య ప్రయాణానికి మాక్సీ అనే చిన్న వ్యానులు. ఎక్కినవారు ముందు అందరికీ నమస్కారంగా 'గుడ్ మార్నింగ్' చెప్పి గాని కూర్చోరు. చెప్పకుండా కూర్చున్నందుకు మొదటి వారంలో ఒక ముసలాయన మమ్మల్ని నిదానంగా చూసి తానే చెప్పాడు. మళ్ళీ మరచిపోలేదు.

సాయంత్రాలు మస్జిద్‌లో మక్తబ్. ఆ మాటను వాళ్ళు నేటికీ అలాగే వాడతారు. పిల్లల మాతృభాష ఇంగ్లీషు. తాతల భోజ్‌పురిలో మిగిలినవి వరుసల పేర్లు, వంటింటి మాటలు: నానా, నానీ, భాజీ, బైగన్, రోటీ. ఇళ్ళలో సభలు జరిగినప్పుడు ఉర్దూ ఖసీదాలు రాగయుక్తంగా పాడతారు. పాడేవారిలో చాలామందికి అర్థం తెలియదు. మొదట మాకు జాలి వేసింది. భాష పోగొట్టుకున్న జనానికి దీన్ ఎంతవరకు మిగులుతుందన్న అనుమానమూ కలిగింది. ఉర్దూ, అరబీ, తెలుగు తెలిసిన మేము ఇచ్చేవాళ్ళమని, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళని అనుకున్నాము. ఆ అభిప్రాయంలో ఎంత అహంకారం ఉన్నదో తరువాత తెలిసింది.

తిండికి ఇబ్బంది పడలేదు. హలాల్ మాంసం సులభంగా దొరికేది. ఆ దేశమంతా పొద్దున్నే వీధిలో నిలబడి తినే డబుల్స్ అనే పలహారం ఒక ముస్లిం కుటుంబం కనిపెట్టినదే. 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో ఇమాముల్ దీన్ దంపతులు మొదలుపెట్టారు. నూనెలో కాల్చిన రెండు మెత్తని రొట్టెల మధ్య సెనగల కూర, పైన ఘాటైన మిరప పచ్చడి. వంకాయను నిప్పుల మీద కాల్చి, మెదిపి, వెల్లుల్లి తాలింపు వేసి 'చోకా' అంటారు. అది తిన్న రోజున మా శ్రీమతి, "అత్తయ్య చేతి పచ్చడిలో చింతపండు మరచిపోయినట్టున్నది" అన్నది.

ఆమెకు నిజంగా ప్రాణం లేచి వచ్చింది మాత్రం పొరుగింటి పెరట్లో. కుడిపక్క ఇంట్లో ఆఫ్రికా సంతతికి చెందిన ఒక క్రైస్తవ వృద్ధురాలు ఒంటరిగా ఉండేది. ఆసుపత్రి నర్సుగా పనిచేసి విరమించింది. మేము ఆమెను మాలో మేము నర్సమ్మ అనుకునేవాళ్ళం. ఆమె పెరట్లో ఎర్ర కాడల మొక్కలు వరుసగా పెరుగుతున్నాయి. వాటిని అక్కడ సారెల్ అంటారు. క్రిస్‌మస్ రోజుల్లో వాటి ఎర్రని కాయల పైతొక్కలను మరిగించి, చక్కెర, లవంగాలు, దాల్చిన వేసి పానీయం చేసుకుంటారు. ఆకు ఎవరికీ అక్కరలేదు. మా శ్రీమతి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకొని, కళ్ళు మూసుకొని, "గోంగూర" అన్నది.

అది సాక్షాత్తు మన పుల్ల గోంగూరే. ఆ సాయంత్రం అనుమతి అడిగి ఒడినిండా ఆకు కోసుకొచ్చింది. పచ్చడి నూరి ఒక సీసాలో పెట్టి నర్సమ్మకు పంపింది. ఆమె రుచి చూసి, నలభై ఏళ్ళుగా ఈ మొక్కలో సగం పారవేస్తున్నానన్నమాట అని నవ్వింది. నాటినుంచి ఆకు మాది, కాయ ఆమెది. ఆ ఏడు డిసెంబరులో ఆమె ఒక కేకు తెచ్చింది. అక్కడి క్రిస్‌మస్ కేకులో ఎండుపళ్ళను సారాయిలో నెలల తరబడి నానవేస్తారు. మేము ఇబ్బందిగా చూడటం గమనించి, "మీకోసం వేరే గిన్నెలో ద్రాక్షరసంలో నానబెట్టాను. గరిటె కూడా వేరే" అన్నది. మేము అడగలేదు. మా ధర్మాన్ని ఆమె తన వంటింట్లో కాపాడింది.

దీపావళికి ఎదురింటి హిందూ కుటుంబం మిఠాయిల పెట్టె పంపింది. వారి ఆరాధనలో మనం పాల్గొనము, అది వారికీ తెలుసు. పలకరింపులోనూ పొరుగు బాధ్యతలోనూ లోటు చేయము. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడున్నదో అక్కడి సామాన్య గృహిణికి కూడా బాగా తెలుసు. దానికోసం ఆమె ఎవరితోనూ వాదించదు. ఉపవాస దినాల ఆరంభానికి ముందు క్రైస్తవులు జరుపుకునే కార్నివాల్ రెండు రోజులూ దేశమంతా వీధుల్లో సంగీతం, నృత్యం. ఆ రెండు రోజులూ మా మస్జిద్‌లో పిల్లలకు శిబిరం: ఖుర్ఆన్ పఠనం, క్రికెట్, కలిసి భోజనం.

ముహర్రంలో రాజధానిలోని సెయింట్ జేమ్స్ ప్రాంతంలో 'హోసే' పేరుతో తాజియాలు ఊరేగుతాయి. మన తెలుగు పల్లెల పీర్ల పండుగను చూసినవారికి ఆ డప్పులు, ఆ జనం కొత్తగా అనిపించవు. మన పల్లెల్లోలాగే అందులోనూ ఇతర మతాలవారు కలిసేవారు. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణంలోకి ఊరేగింపు రాకూడదని వలస ప్రభుత్వం కాల్పులు జరిపించింది. పలువురు తోట కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ధార్మికంగా ఆ ఆచారం విషయంలో మా అభిప్రాయం వేరు. అయినా రెక్కల కష్టం తప్ప ఏమీ లేని ఆ కూలీల మరణం విన్నప్పుడు మా నోట 'ఇన్నా లిల్లాహ్' తప్ప మరో మాట రాలేదు.

2016లో రమజాన్ జూన్ నెలలో వచ్చింది. సుమారు పద్నాలుగు గంటల ఉపవాసం. ఆ నెలలో అక్కడ ఒక చిత్రం చూశాము. ఫజ్ర్ తరువాత మస్జిద్‌లో కూర్చొని ఉంటే, సూర్యుడు సరిగ్గా మిహ్రాబ్ వెనుక నుంచి ఉదయించేవాడు. కిబ్లా వైపు పొద్దు పొడవడం మా జీవితంలో అదే మొదలు. అక్కడ తెల్లవారు ఐదున్నర అయితే తెనాలిలో మధ్యాహ్నం మూడు. ఆ వేళకే ఇంటికి ఫోను చేసేవాళ్ళం. మా అబ్బాయి ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఒక్క ఇంటి కబురు తప్ప.

ఆ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మా ఇంటికీ, పోస్టుమాస్టరుగా పనిచేసి విరమించిన ఒక హిందూ పెద్దమనిషి ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా నాన్నగారి కాలం నుంచి ఈద్‌కు మా ఇంటి షీర్ ఖుర్మా అటు వెళ్ళేది. సంక్రాంతికి అరిసెలు ఇటు వచ్చేవి. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపే అలవాటు ఇరువైపులా లేదు. 2009లో మేము పై గదులు వేసినప్పుడు వాన నీటి గొట్టం వారి పెరట్లోకి పడింది. ఆయన రెండుసార్లు నెమ్మదిగా చెప్పారు. మేస్త్రీ వస్తాడన్నాము. మూడోసారి ఆయన గొంతు పెంచారు. తప్పు మాదే అయి ఉండి మేమూ పెంచాము. గొట్టాన్ని ఆ వారంలోనే తిప్పించాము. మాట మాత్రం కలపలేదు. అంతకు ముందు ఈద్‌కు వెళ్ళిన మా గిన్నె వారింట్లోనే ఉండిపోయింది.

ఈద్ ముందు రాత్రి పాప వాళ్ళ నానీ ఇంట్లో వంటకు మా శ్రీమతి తోడు వెళ్ళింది. మేమూ ఇషా తరువాత చేరాము. అక్కడ మన సేమ్యాను 'సవైన్' అంటారు. వేయించిన సేమ్యా, చిక్కని పాలు, ఎండుద్రాక్ష, బాదం, చెర్రీలు. పెద్ద దేగిసాలో చేసి, మూతలున్న డబ్బాల్లోకి నింపుతున్నారు. నలభైకి పైగా డబ్బాలు. ప్రతి మూత మీదా ఒక పేరు. క్రైస్తవులు, హిందువులు, దుకాణదారు, బడి పంతులమ్మ, మాక్సీ డ్రైవరు. నానీ అన్నిటికంటే ముందు నింపిన డబ్బాను విడిగా పెట్టింది. అది ఎవరికని అడిగాము.

మస్జిద్ పక్క ఇంటాయనకట. శుక్రవారాల్లో మనవాళ్ళ కార్లు తన గేటుకు అడ్డం పెడుతున్నారని ఆయన కమిటీతో గట్టిగా పోట్లాడుతున్నాడు.

"మొదటి డబ్బా పేచీ ఉన్నచోటికి వెళ్ళాలి మౌలానా. స్నేహితులదేమున్నది, వాళ్ళు పిలవకపోయినా వచ్చి తింటారు" అన్నది నానీ. ఆ తరువాత మా శ్రీమతి వైపు తిరిగి, "మీ ఊళ్ళో మీ మొదటి డబ్బా ఎవరికి వెళుతుందమ్మా?" అని అడిగింది.

మా శ్రీమతి బదులు చెప్పకుండా మా వైపు చూసింది. మేము డబ్బాల వైపు చూశాము.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, యూదు పొరుగువారికి పంపారా అని ఆయన పదే పదే వాకబు చేసిన వృత్తాంతాన్ని, పొరుగువారి హక్కు గురించి జిబ్రయీల్ (అ) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారో దైవప్రవక్త (సల్లం) తెలిపిన సంగతిని, ఎన్ని జుమా ప్రసంగాల్లో చెప్పామో లెక్క లేదు. ఆ హదీసుల అరబీ మూలం మాకు కంఠస్థం. నానీకి అరబీలో అంత ప్రవేశం లేదు. ఆమె దగ్గర డబ్బా ఉన్నది.

మర్నాడు ఈద్. ఆ దేశంలో అందరికీ సెలవు. మా శ్రీమతి జీవితంలో మొదటిసారి ఈద్ నమాజ్ జమాఅత్‌తో చేసింది. అక్కడ స్త్రీలు, పిల్లలు కుటుంబాలతో వస్తారు. ప్రవక్త (సల్లం) కాలంలో స్త్రీలు ఈద్‌గాహ్‌కు వచ్చేవారన్న పాఠాన్ని ఎన్నోసార్లు చెప్పినా, నమాజ్ ముగిశాక ఆమె ముఖంలోని సంతోషం చూసినప్పుడే ఆ పాఠం మాకు పూర్తయింది. నర్సమ్మ కొత్త గౌను వేసుకొని గేటు దగ్గర నిలబడి, "ఈద్ ముబారక్, నా డబ్బా ఏదీ?" అన్నది. మస్జిద్ పక్కింటాయన డబ్బా తీసుకున్నాడు. కార్ల సంగతి మళ్ళీ ఒకసారి చెప్పి మరీ తీసుకున్నాడు.

ఆ రాత్రే తెనాలికి ఫోను చేసి పోస్టుమాస్టరుగారితో మాట్లాడవచ్చు. నంబరు పాత డైరీలో ఉన్నది. ఇంత దూరం నుంచి ఫోనులో క్షమాపణ ఏమిటి, వెళ్ళాక ఇంటికే వెళ్దామని సర్దిచెప్పుకున్నాము. 2017 ఈద్‌కూ అదే అనుకున్నాము.

ఆ దీవికి దగ్గరలో, దక్షిణ అమెరికా భూభాగం మీద సురినామ్ అనే దేశమున్నది. 1890 నుంచి డచ్చివారు జావా ద్వీపం నుంచి కూలీలను అక్కడికి తెచ్చారు. జావాలో కిబ్లా పడమర. కొత్త దేశంలోనూ వారు పడమరకే తిరిగి నమాజ్ చేశారు. తరువాత కొందరు తూర్పుకు మార్చుకున్నారు. పెద్దల అలవాటును విడవలేక పడమరకే నిలిచినవారు నేటికీ ఉన్నారు. ఈ సంగతి మొదట విన్నప్పుడు అయ్యో అనుకున్నాము. కాస్త ఆలోచిస్తే మా సంగతీ అదే. అలవాటైన దిక్కును ధర్మమనుకొని, అసలు దిక్కుకు వీపు పెట్టి నిలబడ్డాము. మేము ముసల్లా తిప్పుకున్నది ఒక్క నమాజ్ విషయంలోనే.

2018 జూన్‌లో, రమజాన్ చివరి రోజుల్లో, తిరిగి వచ్చాము. ఈద్ ఉదయం నమాజ్ నుంచి రాగానే మా శ్రీమతి మొదటి డబ్బా నింపి మా చేతికిచ్చింది. పోస్టుమాస్టరుగారింటికి వెళ్ళి వస్తానంటే మా అబ్బాయి తల వంచుకున్నాడు.

"ఆయన పోయిన కార్తీకంలో చనిపోయారు నాన్నా."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీకు వాళ్ళతో మాటల్లేవు కదా, అందుకని."

వాడిని ఏమనగలము? మేము నేర్పిందే వాడు నేర్చుకున్నాడు.

అయినా వెళ్ళాము. ఆ ఇల్లాలు తలుపు తీసి, కాసేపు పోల్చుకోలేదు. తరువాత, "రండి సాయిబుగారూ" అని కుర్చీ వేసింది. మేము చెప్పదలచుకున్న మాటలు మూడేళ్ళుగా కూడబెట్టుకున్నవి. వాటిలో ఒక్కటే పైకి వచ్చింది. "తప్పు మాదమ్మా" అన్నాము. ఆమె ఏమీ అనలేదు. డబ్బా తీసుకొని లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో మా నాన్నగారి పేరు చెక్కిన మా స్టీలు గిన్నె ఉన్నది. తొమ్మిదేళ్ళ నాటి గిన్నె. శుభ్రంగా తోమి, నిండా పంచదార పోసింది.

"ఈ ఏడు మాకు పండుగలు లేవు, పిండివంటలు చేయలేదు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని ఆయన ఉంచారు" అన్నది.

ఆ గిన్నె ఇప్పుడు మా వంటింట్లో అందరికీ కనిపించే అరలో ఉన్నది. ప్రతి ఈద్‌కూ మొదటగా అటే వెళుతుంది. ట్రినిడాడ్‌లో మేమేమి నేర్పామో అక్కడి పిల్లలే చెప్పాలి. మేము నేర్చుకున్నది మాత్రం పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఈసారి ఈద్‌కు మీ ఇంట్లో గిన్నెలు నింపుతున్నప్పుడు, మొదటిది ఏ గుమ్మానికి వెళ్ళవలసినదో ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఇంటి పెద్ద క్షేమంగా ఉండగానే వెళ్ళండి. మా వాయిదాలను అల్లాహ్ క్షమించుగాక. ఆమీన్.